ఎడమచేతి మెలి

బురద,
వానలు మొదలయ్యాక

అక్కా,

చేరాను. చేరడమంటే, హెలికాప్టర్ నన్ను మోకాలి లోతు బురదలో దింపి, నా నెత్తి మీదే పెట్టెలు విసిరేసినంత పని చేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. ఇక్కడికి దారి లేదు, చుట్టుపక్కల ఊరు లేదు, ఫోను మాట సరేసరి. వారానికోసారి హెలికాప్టర్ వస్తే సరుకులూ నీ తిట్లూ వస్తాయి, నా ఉత్తరాలు పోతాయి. తిట్టదలచుకున్నవన్నీ కూడబెట్టి ఒకేసారి రాయి.

విమానం దొరికింది. ముక్కు బురదలో దూర్చి, తోక పైకెత్తి, ఇన్నేళ్ళూ అలిగి పడుకున్నట్టుంది. నీ షెడ్డుకి ఎప్పుడు చేరుతుందని మన మహారాజు అప్పుడే కబురు పంపాడు. పాత యుద్ధవిమానాలు కొని, మనచేత బాగు చేయించి, వచ్చిన అతిథుల ముందు తనే తోలినట్టు మీసం తిప్పుకునే మనిషికి ఇక్కడి బురద సంగతి ఏం తెలుస్తుంది? ఆయనకి ఇది ప్రదర్శనశాలలో ఖాళీగా ఉన్న మూలకి సరిపోయే బొమ్మ.

మనకి మాత్రం ఇది తాతయ్య మెకానిక్‌గా చూసుకున్న విమానం. దీన్ని చూడగానే ఏదో అనిపిస్తుందనుకున్నాను. ఒళ్ళు మండింది, అంతే. ఆ పైలట్ మహానుభావుడు దీన్ని ఇక్కడ దించేసి, కాళ్ళీడ్చుకుంటూ బయటపడి ఏం చెప్పాడు? "ఆ ఉదయం మెకానిక్ తాగి పడుకున్నాడు, ఇంజిన్‌ని ముట్టుకోనేలేదు, నూనె కారిపోయి ఇంజిన్ పట్టేసింది." ఆయన గుండె మీద పతకం పడింది. తాతయ్యకి ఉద్యోగం ఊడింది. బురదలో నడిచినందుకే పతకాలిస్తే నాకూ ఒకటి రావాలి.

వంటాయన మొదటిరోజే కెటిల్ పిడి విరగ్గొట్టాడు. గుడ్డ చుట్టి పట్టుకుంటున్నాం. టీ తాగాలంటే వేళ్ళు కాల్చుకోవాలి.

నీ తమ్ముడు

షెడ్డు,
అదే నెల

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, నీ గొప్పలు వదిలేసి. అందుకే తొందరగా అయిపోయింది.

ఇప్పుడు నేను చెప్పేది చెవిన పెట్టు. పోయినసారి రెక్కల్ని రంపంతో కోసి పంపిన మేధావివి నువ్వు. రెక్క మొదట్లో బోల్టులుంటాయిరా, విప్పడానికే పెట్టారవి. తుప్పు పట్టి రాకపోతే నూనె పోసి ఆగు. రాత్రికి రాత్రి ఎగిరిపోదది. ఇంజిన్ జోలికి మాత్రం వెళ్ళకు. కడగొద్దు, తుడవొద్దు, గోకొద్దు. బురదతో సహా మూటగట్టి పంపు.

ఎందుకో చెప్తాను. మహారాజు ఒక పరిశోధకుణ్ణి తెచ్చిపెట్టాడు. ప్రతి విమానం ముందూ పెట్టే ఇత్తడి పలక మీద ఏం చెక్కాలో ఆయనే రాస్తాడు. నేను ఆయన్ని కళ్ళజోడు అంటున్నాను. ఆ కళ్ళజోడు ఏ మాట చెప్పినా "ఆధారం ఉందా?" అంటాడు. ఇవాళ చలిగా ఉందండీ అంటే కూడా అదే అడిగాడు, ఒట్టు. మన విమానం పలకకి మాట సిద్ధంగా ఉంచుకున్నాడు: "నేల సిబ్బంది నిర్లక్ష్యం వల్ల కూలిన విమానం." ఇత్తడి మీద చెక్కితే ఇక అది మన మనవల మనవల దాకా ఉంటుంది.

నేను ఊరుకుంటానా? లాక్ వైరు గురించి చెప్పాను. ఎగిరే ముందు ప్రతిసారీ నూనె ప్లగ్గు వదులవకుండా దాని తలకి కొత్తగా సన్న తీగ గుచ్చి, మెలివేసి, పక్క బోల్టుకి కట్టి, మిగిలిన తోకని మడిచేస్తాం కదా, ఆ తీగ మెలిని బట్టి కట్టిన చెయ్యి తెలుస్తుందన్నాను. తాతయ్యకి కుడిచేతి బొటనవేలు లేదు, ఎడమచేత్తో కట్టేవాడు, అందుకని ఆయన మెలి లోకానికంతటికీ ఎదురు తిరిగి ఉంటుందన్నాను. మనిద్దరికీ నేర్పిందీ అదేనని నా చేతిలో ఉన్న పని చూపించాను. కళ్ళజోడు చాలాసేపు చూసి, "ఆ మెలి ఆ ఇంజిన్ మీద ఉంటే ఆ ఉదయం ఆయన పనిలో ఉన్నట్టే. పలక మీద మాట మారుస్తాను" అన్నాడు.

మెలి సంగతి ఎత్తకుండా, పలక మీద మాట మారొచ్చని మాత్రం అమ్మకి చెప్పినప్పటి నుంచీ కూరలో ఉప్పు ఒకసారి రెండింతలు పడుతోంది, ఒకసారి అసలే పడటం లేదు. బళ్ళో అందరూ "తాగుబోతు కూతురు" అని పిలిచేవాళ్ళట. ఆ సంగతి ఇన్నేళ్ళలో మొన్ననే మొదటిసారి నాకు చెప్పింది. కాబట్టి నీ పనితనం ఎక్కడా చూపించకుండా ఇంజిన్ పంపు.

అక్క

బురద,
బాగా ముదిరిన వానల్లో

అక్కా,

మహారాజు వచ్చి వెళ్ళాడు. తెల్లబూట్లు వేసుకొచ్చాడు. బురదలోకి, తెల్లబూట్లు! హెలికాప్టర్ దిగిన మొదటి అడుగులోనే ఎడమ బూటు లోపలే ఉండిపోయింది. అది మాకింకా దొరకలేదు. ఒంటికాలి మీద నిలబడి, రెక్క మీద చెయ్యేసి ఫోటో తీయించుకుని, "చరిత్రని స్పృశిస్తున్నట్టుంది" అన్నాడు. ఆయన స్పృశించింది మొన్న నేను పెట్టిన దన్ను కర్రని.

రెక్కల బోల్టులు వస్తున్నాయి. రంపం ముట్టుకోలేదు. సంతోషమా?

ఇంజిన్ మూత తీశాను. ఎత్తాలంటే తీయక తప్పలేదు, తిట్లు మొదలుపెట్టకు. లోపలంతా బురదే, ఇంకా ఏమీ కనబడలేదు.

ఒక మాట. తాతయ్య ఎప్పుడైనా తాగేవాడా? మనం పుట్టకముందు సంగతి. ఊరికే అడుగుతున్నాను. అమ్మని మాత్రం అడక్కు.

తమ్ముడు

షెడ్డు,
నీ ఉత్తరం అందిన రోజునే

ఏరా,

బురద బుర్రలోకి కూడా ఎక్కిందా? తాతయ్య దగ్గు మందు కూడా వాసన చూసి పక్కన పెట్టేసేవాడు. పెళ్ళిళ్ళలో ఎవడైనా తూలుతూ దగ్గరికొస్తే కుర్చీ తీసుకుని అవతలికి పోయేవాడు. ఆయన ఒళ్ళో పెరిగినవాడివి, నువ్వా ఈ మాట అడిగేది! ఆ పైలట్ గాలి సోకిందా నీకు?

ఊరికే అడిగానన్నావు. నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఊరికే ఏ పనీ చేయవు కూడా, చేస్తే చెడగొడతావు. ఎందుకడిగావో రాయి.

అక్క

బురద,
ఎండ వచ్చిన రోజు

అక్కా! అక్కా!

తిట్లు కాసేపు ఆపు. దొరికింది! ఇంజిన్ కింద బురద జారిపోతే ప్లగ్గు బయటపడింది. దాని మీద లాక్ వైరు ఉంది. ఎడమ మెలి! నువ్వూ నేనూ వేసే మెలి! తోక మడతతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ఇక ఆ పైలట్ పతకాన్ని పీకి ఏం చేసుకోవాలో నువ్వే చెప్పు, ఉత్తరంలో రాయదగ్గ మాట నాకు తోచడం లేదు.

పోయినసారి పిచ్చి ప్రశ్న అడిగాను. వానకి మనసు బాగోలేక అడిగాను, వదిలేయ్.

ఇంజిన్ ఈ హెలికాప్టర్‌కే పంపుతున్నాను. కళ్ళజోడుకి చూపించు. భూతద్దం పెట్టి చూసుకోమను. అమ్మకి చెప్పు, ఇక కూరలో ఉప్పు సరిగ్గా వేయొచ్చని.

ఇంకో శుభవార్త. కెటిల్‌కీ పిడి వచ్చింది. తీగ ముక్కొకటి చేతికి తగిలితే మొండికి చుట్టేశాను. వంటాయన నన్ను ఇంజనీరు గారూ అంటున్నాడు.

నీ ప్రయోజకుడైన తమ్ముడు

షెడ్డు,
ఇంజిన్ దిగిన మర్నాడు

తమ్ముడూ,

చూశాను. ఇంకేం రాయను? కింద పడుకుని, దీపం పెట్టుకుని, ఆ మెలి చూస్తూ ఎంతసేపున్నానో నాకే తెలియదు. లేచేసరికి జుట్టంతా నూనె. నిన్ను ఇన్నాళ్ళూ చేతకానివాడివన్నాను కదా, అందులో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కొంతే. రెక్కలు కోసిన సంగతి అలాగే ఉంటుంది.

కళ్ళజోడు ఫోటోలు తీశాడు. ఆ మొహంలో మొదటిసారి మనిషి కనిపించాడు. "ఇన్నేళ్ళ తీగ ఇంత గట్టిగా ఉందేమిటండీ?" అన్నాడు. "బురదలో గాలి ఆడదు, తుప్పెక్కడిది బాబూ, చదువుకున్నవాళ్ళు మీకు తెలియదా?" అని గాలి తీసేశాను. బుద్ధిగా తలూపాడు.

మహారాజు కూడా వచ్చాడు. విమానం ముక్కు మీద అమ్మాయి బొమ్మ వేయించాలట. దీని మీద ఏనాడూ బొమ్మ లేదండీ అంటే, "ఉంటే బాగుండేది కదా" అన్నాడు. చరిత్ర అంటే ఆయనకి అదే మరి.

రేపు అమ్మని తీసుకొస్తున్నాను. పాత చీరలన్నీ బయటికి తీసి పెట్టుకుంది.

అక్క

షెడ్డు

నీకు,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మ వచ్చింది. కళ్ళు సరిగా ఆనవని తెలుసు కదా, వేళ్ళతో తడిమింది. ప్లగ్గు తల మీద చెయ్యి పెట్టి, తీగ వెంట మెల్లగా జరుపుకుంటూ తోక దాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చింది. కళ్ళజోడు కెమెరా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, ఏడుస్తుందని కాబోలు. అమ్మ ఏడవలేదు. "బాగుంది బాబూ" అని కొంగుతో వేళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని అప్పుడు చెప్పింది.

"విమానం ఎగిరిన రోజున మీ తాతకి పది వేళ్ళూ ఉన్నాయే."

నాకు అర్థం కాలేదు. "ఆ వేలిని ప్రొపెల్లర్ మింగేసిందని చెప్పేవాడు కదమ్మా?" అన్నాను.

"పిల్లలకి చెప్పే కబుర్లే అవి. ఆ ఉద్యోగం ఊడిపోయాక ఎవరూ పని ఇవ్వకపోతే రంపపు మిల్లులో చేరాడు. వేలు మిల్లులో పోయింది. నేనే కట్టు కట్టాను, నాకు బాగా జ్ఞాపకం. అప్పటిదాకా నాన్న అందరిలాగే కుడిచేత్తోనే కట్టేవాడు. ఆ తీగ నాన్నది కాదు. మీలో ఎవరిదో."

మీలో ఎవరిదో అంది. నేను షెడ్డు దాటి కదల్లేదని ఆవిడకీ తెలుసు.

అన్నం ముట్టలేదు. చీరలన్నీ మడతపెట్టి లోపల పెట్టేసింది. నాకైతే నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ మెలి సంగతి కళ్ళజోడుకి చెప్పింది నేను. పెద్ద పండితురాలిలా నా పని చూపించి మరీ చెప్పాను. నువ్వు దానికి తగ్గట్టు వేసి పంపావు. నీ కొత్త తీగ బురద పూతలోంచి నా కళ్ళ ముందు మెరుస్తుంటే దానికి బురదా గాలీ అని పాఠం చెప్పాను చూడు, నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

ఒక్కటే అడుగుతున్నాను. అక్కడ అసలేముంది? వైరు లేకపోతే లేదని రాయి. కబుర్లొద్దు.

అక్క

బురద

అక్కా,

వైరు ఉంది.

ఉండేది. ప్లగ్గు మీద గట్టిగా, నిన్న కట్టినట్టు ఉంది. కానీ మెలి కుడి వైపుకి తిరిగి ఉంది. లోకమంతా వేసే మెలి. ఆ ఉదయం ఎవరో వేరేవాళ్ళు కట్టారనుకున్నాను. తాతయ్య నిజంగానే రాలేదనుకున్నాను. పైలట్ చెప్పింది నిజమేననుకున్నాను. అందుకే నిన్ను అడిగాను, తాగేవాడా అని. నువ్వు తిట్టావు. ఆ తిట్టు చదివితే ఇంకా అసహ్యం వేసింది, నీ మీద కాదు, ఆయన మీద. ఇన్నాళ్ళూ మన చెవుల్లో పువ్వులు పెట్టాడనుకున్నాను. ఒక్క పూట పని ఎగ్గొట్టి, అమ్మ బతుకంతా తల దించుకునేలా చేశాడనుకున్నాను.

కళ్ళజోడు దాన్ని చూస్తే అంతే సంగతులు. అమ్మ మొహం గుర్తొచ్చింది. కోసేశాను. కొత్త తీగతో మన మెలి వేసి, మసీ బురదా పట్టించాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను. తాతయ్యని కాపాడటానికి కాదు. ఆయన అప్పటికే నా లెక్కలో లేడు. అమ్మ కోసం.

పాత తీగ పారేయలేదు. అదే కెటిల్ పిడికి చుట్టాను, మెలి కూడా విప్పలేదు. ఎవడో పనీపాటూ లేనివాడు దాని తోకని ఒకసారి కాదు, రెండుసార్లు మడిచి లోపలికి నొక్కాడు. ఇంత చాదస్తుడెవడురా అని నవ్వుకున్నాను కూడా.

ఆ చాదస్తుడే తాతయ్య అంటున్నావు.

కెటిల్ పంపుతున్నాను. వంటాయన గొడవపడుతున్నాడు, పడనీ. నన్ను ఏమన్నా పడతాను. అమ్మకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు.

తమ్ముడు

షెడ్డు,
వానలు తగ్గాక

తమ్ముడూ,

అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఈసారి ఒక్క మాట వదల్లేదు. "ఆయన అప్పటికే నా లెక్కలో లేడు" అన్నది కూడా. అక్కడ ఆగమంది. మళ్ళీ చదవమంది. చదివాను.

మర్నాడు కళ్ళజోడుని పిలిచి, అతని ముందే నీ తీగ కోసేశాను. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో, దాని చోట ఏముండేదో చెప్పాను. కుడి మెలి వైరు ఉండేదండీ, మా తాతయ్య చేతిది, ఆ ఉదయానిది అన్నాను. ఏమంటాడు? "ఆధారం ఉందా?" అన్నాడు. కెటిల్ తీసి బల్ల మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కెటిల్ కదండీ" అన్నాడు. తప్పేముంది, కెటిలే. ప్లగ్గు మీద ఉన్నంతకాలం అది సాక్ష్యం. నువ్వు చెయ్యి పెట్టాక అది వంటసామాను. ఒకసారి దొంగ తీగ కట్టి పంపిన కుటుంబం ఇక ఏ తీగ చూపించినా ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను.

పలక వచ్చేసింది. బిగించేశారు కూడా. నేల సిబ్బంది నిర్లక్ష్యం వల్ల అనే ఉంది, అక్షరాలు తళతళలాడుతున్నాయి. మహారాజు దాని పక్కన కొత్త తెల్లబూట్లతో నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ముక్కు మీద అమ్మాయి బొమ్మ కూడా వేయించాడు. ఆ రెండు అబద్ధాలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇక కెటిల్ సంగతి. ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను, ఇదేమిటో చెప్పకుండా. పిడి మీద వేళ్ళు పోనిచ్చింది. మెలి వెంట వెళ్ళి, తోక దగ్గర ఆగిపోయింది. రెండో మడత మీద గోరు పెట్టి గీరింది.

చిన్నప్పుడు తాతయ్యతో పాటు పని దగ్గరికి వెళ్ళేదట. ఒకనాడు కోసిన తీగ తోక అరచేతిలో గుచ్చుకుని రక్తం వచ్చిందట. ఆ రోజు నుంచీ తాతయ్య ప్రతి తోకనీ రెండుసార్లు మడిచి లోపలికి నొక్కేవాడట, పిల్ల చెయ్యి ఎక్కడ తగులుతుందోనని. తోటివాళ్ళు నవ్వేవాళ్ళట, నువ్వు నవ్వినట్టే. వేలు పోయాక రెండో మడత ఆయనకి రాలేదు. అందుకే మనకి ఒక్క మడతే నేర్పాడు. మెలి ఎటు తిరిగిందో చూశావు గొప్పగా. తోక ఎందుకు మడిచాడో మనిద్దరికీ తెలియదు.

"వచ్చాడే నాన్న. ఆ రోజు పనిలోకి వచ్చాడు" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతసేపూ కెటిల్ మా ఇద్దరి మధ్యా ఉంది, నీ వంటాయన మసితో సహా.

ఆ ప్లగ్గుకి కొత్త వైరు వేశాను, కొత్తదేనని కళ్ళజోడుకి చెప్పి మరీ. కుడి మెలి, రెండు మడతలు. కుడిచేత్తో మెలివేయడం ఈ వయసులో నేర్చుకున్నాను, మొదట వేసినవన్నీ ఏడ్చినట్టున్నాయి. అమ్మ వచ్చి తడిమి, "ఇంకా లోపలికి నొక్కు" అంది. నొక్కాను.

నీ మీద నాకింకా కోపం పోలేదు. పోతుందని కూడా రాయను. కోసింది ఒక్క తీగనే అయితే సరే అనుకునేదాన్ని. తాతయ్యని నువ్వు అంత తొందరగా వదిలేసుకున్నావే, అది మింగుడు పడటం లేదు. కానీ పని అయిపోయింది కదా, అక్కడ ఎన్నాళ్ళు దాక్కుంటావు? అమ్మ నిన్ను రమ్మంటోంది. నీ నోటితో నువ్వే చెప్పాలట, వింటుందట.

రా. టీ పెడతాను. ఆ కెటిల్లో కాదు.

అక్క